కోడి కంపెనీది, కంపు రైతుదా?

కోళ్ల షెడ్లు ఉన్న పల్లెల్లో ఈ మధ్య ఒకే రకం తగువు వినిపిస్తోంది. షెడ్డు వేసుకున్న రైతు ఒక పక్క, ఆ షెడ్డు గాలి సోకే వీధి జనం ఇంకో పక్క. తలుపు తీస్తే కంపు, అన్నం ముందు కూర్చుంటే ఈగలు, ముసలివాళ్లకు ఆయాసం, పిల్లలకు కళ్ల మంట అని వీధివాళ్లు అంటారు. అప్పు చేసి షెడ్డు వేశాం, ఒక్క బ్యాచ్ ఆగితే బ్యాంకు కిస్తీ ఎక్కణ్నుంచి తెచ్చి కట్టాలి అని షెడ్డు రైతు అంటాడు. పంచాయతీలో ఇచ్చిన అర్జీ సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సుకు చేరుతుంది. అక్కణ్నుంచి కాలుష్య నియంత్రణ మండలికి పోతుంది. ఈలోగా ఊరు రెండు ముక్కలవుతుంది.

ఈ ఇద్దరూ రైతులే. చాలా ఊళ్లలో ఇద్దరి దగ్గరా మన సంఘం సభ్యత్వ రసీదే ఉంది. ఒకరి కూడు, ఇంకొకరి ఊపిరి. ఏదో ఒకటి ఎంచుకోమంటే సంఘం ఎలా ఎంచుకుంటుంది? అలాగని మాట్లాడకుండా ఊరుకుంటే ఆ తగువు రేపు కోర్టు దాకా పోతుంది. అప్పుడు రైతును అడిగేవాళ్లే ఉండరు.

అందుకే మా మాట ముందే చెబుతున్నాం. గాలిని పాడుచేసే పెంపకం మీద ప్రభుత్వ నిబంధన ఉండాల్సిందే. దాన్ని మేము వ్యతిరేకించడం లేదు. కానీ ఆ నిబంధన పెట్టే భారం కోడి ఎవరిదో, మేత ఎవరిదో, లాభం ఎవరిదో వాళ్ల మీద పడాలి. షెడ్డు తలుపు తాళం ఎవరి చేతిలో ఉందో చూసి వాళ్ల మీద పడకూడదు.

షెడ్డులో ఏం జరుగుతుంది

ముందు అసలు ఈ కంపు ఏమిటో తెలుసుకుందాం. కోడికి ఆవులా, గేదెలా ఉచ్చ వేరుగా రాదు. మేతలో ఉన్న మాంసకృత్తుల్లో ఒంటికి పట్టనిది యూరిక్ ఆమ్లంగా మారి పెంటతో కలిసే బయటికొస్తుంది. పెంట పొడిగా ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది లేదు. తడి తగిలిందా, సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి ఆ ఆమ్లాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కుకు ఘాటుగా తగిలి కళ్లలో నీళ్లు తెప్పించేది అదే. దానికి తోడు ఈకల నూగు, మేత పొడి, ఎండిన పెంట ధూళి గాలిలోకి లేస్తాయి. అమ్మోనియా గాలిలోని ఇతర వాయువులతో కలిసి అతి సన్నని కణాలుగా కూడా మారుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయేవి ఆ కణాలే.

బ్రాయిలర్ షెడ్డులో కింద పరిచే ఊక తడిస్తే ఈ బాధ ఎక్కువ. నిపుల్ కారినా, వాన జల్లు కొట్టినా, చలికి పరదాలు దించేసినా లోపల ఘాటు పెరుగుతుంది. గుడ్ల కోళ్ల ఫారాల్లో పంజరాల కింద నెలల తరబడి పెంట గుట్టగా పడి ఉంటుంది. వానాకాలంలో ఆ గుట్ట కదిపిన రోజు చుట్టుపక్కల ఊళ్లకు తెలిసిపోతుంది. కొత్తగా వస్తున్న ఈసీ షెడ్లలో ఒక చివర పెద్ద ఫ్యాన్లు పెట్టి లోపలి గాలినంతా ఒకే దిక్కుకు తోస్తారు. లోపల కోడికి సుఖమే. ఫ్యాన్లకు ఎదురుగా ఇల్లున్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలా?

పని చేసే చోట పది లక్షల పాళ్ల గాలిలో అమ్మోనియా 25 పాళ్లు దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. అది దాటితే కోడికి కూడా కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతిని బరువు తగ్గుతుందని పశువైద్యులు చెబుతారు. ఇంకొక సంగతి గమనించాలి. ఈ వాసనకు ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది. రోజంతా షెడ్డులో ఉండే రైతు "వాసనేమీ లేదే" అంటే అబద్ధం చెబుతున్నట్టు కాదు, ముక్కు మొద్దుబారిపోయింది. మొదట చెడిపోయేది అతని ఊపిరితిత్తులే. ఆ తర్వాత షెడ్డులోనే కాపురం ఉండే కూలీ కుటుంబాలవి. గాలి సంగతి వీధి జనం గోల మాత్రమే అనుకునే షెడ్డు రైతులు ఈ మాట ఆలోచించాలి.

చట్టం ఏమంటోంది

వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. కోళ్ల ఫారాలు చాలాకాలం దాని పట్టు బయటే ఉన్నాయి. 2015లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. లక్ష కోళ్లు దాటిన ఫారానికే మండలి అనుమతి కావాలని అంది. దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు కేసు వెళ్లింది. లక్ష దాకా మినహాయింపు ఎలా ఇస్తారు, మళ్లీ చూడండి అని ట్రిబ్యునల్ 2020 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ తర్వాత సవరించిన మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం ఒకే చోట 25 వేల కోళ్లు దాటితే మండలి నుంచి సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ తీసుకోవాలి. 5 వేల నుంచి 25 వేల దాకా చిన్న ఫారం, 25 వేల నుంచి లక్ష దాకా మధ్య తరహా, లక్ష దాటితే పెద్దది. కొత్తగా పెట్టే ఫారం ఇళ్లున్న చోటుకు 500 మీటర్ల దూరంలో ఉండాలి. పెంట తడవకుండా, కారకుండా నిల్వ చేయాలి. చచ్చిన కోళ్లను ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదు.

ఇందులో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతుల వంటివి 85 కోట్లకు పైగా ఉన్నాయి. తమిళనాడు తర్వాత ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, దాదాపు 10 కోట్ల 79 లక్షలు. తెలంగాణలో ఇంకో 8 కోట్లు. ఇన్ని కోళ్లు మన రెండు రాష్ట్రాల్లోనే ఉంటే వాటి గాలి పీల్చేదీ మనమే. 2009లో కేంద్రం ప్రకటించిన గాలి నాణ్యత ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యాల్లో అమ్మోనియా ఒకటి. 24 గంటల సగటు ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు దాటకూడదని అందులో ఉంది. కానీ గాలి కొలిచే యంత్రాలు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కూడా నగరాల కోసమే. పల్లె గాలి కొలవరు, కాబట్టి పల్లె గాలి చెడినట్టు రికార్డులో ఉండదు. రికార్డులో లేనిదాన్ని ఏ అధికారి ముందు నిరూపించాలి?

లెక్కలో ఉన్న చిల్లు

అసలు గొడవ ఇక్కడుంది. మార్గదర్శకాలు ఒక చోట ఎన్ని కోళ్లున్నాయో లెక్కపెడతాయి. ఆ కోళ్లు ఎవరివో లెక్కపెట్టవు.

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో ఒకే కంపెనీకి పదిమంది రైతులు కోళ్లు పెంచుతున్నారు. ఒక్కొక్కరి షెడ్డులో పదివేల కోళ్లు. మొత్తం లక్ష. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది, ఎత్తుకుపోయే లారీ కంపెనీది. ఈ లక్ష కోళ్లూ ఒకే ప్రహరీ లోపల ఉంటే పెద్ద ఫారం అయ్యేది, కంపెనీ మండలి దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకునేది, తనిఖీకి జవాబు చెప్పుకునేది. పది షెడ్లలో పంచేసరికి కంపెనీకి ఆ ఊళ్లో అనుమతీ అక్కర్లేదు, తనిఖీ బాధా లేదు. ఊరికి సోకే గాలి మాత్రం లక్ష కోళ్లదే.

జనం అర్జీ పెడితే నోటీసు ఎవరికి వస్తుంది? రైతుకు. ఊళ్లో ఎవరి ముఖం చిన్నబోతుంది? రైతుది. కంపెనీ సూపర్‌వైజరు బండి మీద వస్తాడు, కోడి బరువు చూసుకుంటాడు, పోతాడు.

కాంట్రాక్టు కాగితం ఒక్కసారి చదవండి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలి రైతువి. నలభై రోజులు రాత్రింబవళ్లు కాపలా రైతుది. ప్రతిఫలం కిలోకు ఇంత అని పెంపకం కూలి. మేత ఎక్కువ తిన్నా, మరణాలు ఎక్కువైనా కోత. కోడి పోతూ పోతూ వదిలి వెళ్లేది పెంట. అది రైతుది. చచ్చిన కోడిని పాతిపెట్టే పనీ రైతుదే. బతికిన కోడి మీద హక్కు కంపెనీకి, చచ్చిన కోడి మీద బాధ్యత రైతుకు. ఇదేం ఒప్పందం?

ఇంకో మాట. షెడ్డులో అమ్మోనియా ఎంత పుడుతుందనేది సగం మేత మీద ఆధారపడుతుంది. మేతలో మాంసకృత్తులు అవసరానికి మించితే మిగిలింది పెంటలోకే పోతుంది. మాంసకృత్తుల శాతం కొంత తగ్గించి, కావలసిన అమైనో ఆమ్లాలు విడిగా కలిపితే పెంటలో నత్రజని గణనీయంగా తగ్గుతుందని పశుపోషణ శాస్త్రం ఏనాడో చెప్పింది. ఆ మేత ఫార్ములా ఎవరి చేతిలో ఉంది? బస్తా విప్పి పోసే రైతు చేతిలో లేదు. షెడ్డులో ఎన్ని పిల్లలు వేయాలో, ఏ రోజు ఎత్తాలో, రెండు బ్యాచ్‌ల మధ్య షెడ్డు ఎన్ని రోజులు ఆరాలో కూడా కంపెనీయే చెబుతుంది. నిర్ణయాలన్నీ ఒకరివి, నోటీసు ఇంకొకరికి.

2023లో తెచ్చిన జన విశ్వాస్ చట్టం వాయు చట్టంలో శిక్షలు మార్చింది. చాలా తప్పులకు జైలు తీసేసి, పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. దేశమంతా వ్యాపారం చేసే కంపెనీకి పదిహేను లక్షలు ఒక లెక్క కాదు. కిలోకు ఇంత కూలి తీసుకునే రైతుకు అది రెండెకరాలు అమ్మినా తీరని బాకీ.

బయటి దేశాల అనుభవం

ఇది మన దగ్గరే పుట్టిన సమస్య కాదు. మనకంటే ముందు పెద్ద పెంపకంలోకి దిగిన దేశాలు ఏం చేశాయో చూస్తే మన దారి తెలుస్తుంది.

అమెరికాలో కోళ్ల పెంపకం చాలావరకు కంపెనీల కాంట్రాక్టు కిందే నడుస్తుంది. అక్కడి పర్యావరణ సంస్థ 2005లో పెద్ద పశువుల, కోళ్ల ఫారాలతో ఒక ఒప్పందం చేసుకుంది. ఫారాల నుంచి ఎంత గాలి కాలుష్యం వస్తోందో కొలిచే అధ్యయనానికి వాళ్లు డబ్బు కట్టాలి, ఆ పని అయ్యేదాకా వాళ్ల మీద కేసులు పెట్టరు. దాదాపు 14 వేల ఫారాలు అందులో చేరాయి. కొలతలు 2010కల్లా ముగిశాయి. కాలుష్యాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం తేలలేదు. ఇంకా తేలలేదని ఆ సంస్థ సొంత తనిఖీ విభాగమే 2017లో ఆక్షేపించింది. మరుసటి ఏడాది అమెరికా పార్లమెంటు చట్టం చేసి, పశువుల పెంట నుంచి వచ్చే వాయువుల సంగతి ప్రభుత్వానికి తెలపాలన్న నియమం నుంచి ఫారాలకు మినహాయింపు ఇచ్చింది. కొలుస్తామని చెప్పి కాలం గడిపితే కంపెనీలకు మేలు, ఊళ్లకు కీడు అని అమెరికా మనకు చెబుతోంది.

నెదర్లాండ్స్ కథ ఇంకో రకం. చిన్న దేశం, కిక్కిరిసిన పశువులు. పెంచండి, ఎగుమతి చేయండి అని దశాబ్దాలుగా రైతును ప్రోత్సహించారు, బ్యాంకులు అప్పులిచ్చాయి. 2019 మే 29న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ప్రభుత్వ నత్రజని విధానం చెల్లదని తీర్పు చెప్పింది. అనుమతులు ఆగిపోయాయి. అక్టోబరు 1న రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముట్టడించారు. చివరికి ప్రభుత్వం డబ్బిచ్చి ఫారాలు మూయించే పథకాలు తేవాల్సి వచ్చింది. మొదట్లోనే ఓ హద్దు పెట్టి, రైతుకు దారి చూపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మనం కోర్టు తీర్పు మీద పడేదాకా ఆగుదామా?

మన చేతిలో ఉన్నది

కంపెనీని, ప్రభుత్వాన్ని అడిగే ముందు మన షెడ్డులో మనం చేసుకోగలిగింది కూడా చెప్పుకోవాలి. లేకపోతే వీధివాళ్ల ముందు మన మాట చెల్లదు.

కారే నిపుళ్లు ఆ రోజే బాగుచేయాలి. ఊకను రోజూ తిరగేయాలి. గడ్డలు కట్టినచోట తీసేసి పొడి ఊక వేయాలి. తడి పెంట మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా పైకి లేస్తుంది, చాలామందికి ఇది తెలియదు. సూపర్ ఫాస్ఫేట్ గాని, పటిక గాని చల్లితే అమ్మోనియాను పట్టి ఉంచుతాయి. షెడ్డుకూ ఇళ్లకూ మధ్య, ఫ్యాన్ల ఎదుట రెండు మూడు వరసల చెట్లు పెంచితే ధూళి చాలావరకు ఆకులకే అంటుకుంటుంది. ఫ్యాన్లకు గాలి అడ్డుపడనంత దూరం మాత్రం వదలాలి. పెంట ఎత్తేరోజు ముందుగా పక్కవాళ్లకు చెప్పడం, పట్టా కప్పి తరలించడం పెద్ద ఖర్చు కాదు.

ఇందులో మన లాభం కూడా ఉంది. పెంటలోంచి గాలిలోకి పోయే ఆ ఘాటు నత్రజనే, అంటే మనం కొనే యూరియాలో ఉండేదే. 2025 వానాకాలంలో తెలంగాణలో ఒక్క యూరియా బస్తా కోసం రైతులు తెల్లవారకముందే లైన్లలో నిలబడ్డారు. అదే జిల్లాల్లో షెడ్ల నుంచి నత్రజని గాలిలో కలిసిపోతూనే ఉంది. దాన్ని పెంటలోనే పట్టి ఉంచి, కంపోస్టు చేసి పొలానికి చేర్చగలిగితే వీధికి కంపు తగ్గుతుంది, చేనుకు సత్తువ దొరుకుతుంది.

మా డిమాండ్లు

ఒకటి. కోళ్ల లెక్క షెడ్డును బట్టి కాక, సొంతదారును బట్టి కట్టాలి. ఒక ఊళ్లో ఒక కంపెనీ కోళ్లన్నీ కలిపి 25 వేలు దాటితే అనుమతి కంపెనీ పేరు మీద తీసుకోవాలి. నోటీసు, జరిమానా మొదట కంపెనీకే వెళ్లాలి.

రెండు. కాలుష్యం తగ్గించేందుకు షెడ్డులో పెట్టే ఖర్చును కంపెనీ విడిగా ఇవ్వాలి. దాన్ని పెంపకం కూలిలో కలిపి చూపించకూడదు. చచ్చిన కోళ్ల పారవేత ఖర్చు కూడా కంపెనీదే.

మూడు. మేతలో మాంసకృత్తుల శాతం బస్తా మీద ముద్రించాలి. పశుసంవర్ధక శాఖ నమూనాలు తీసి పరీక్షించాలి.

నాలుగు. లక్షల కోళ్లున్న సొంత ఫారాల ప్రహరీ దగ్గర అమ్మోనియా కొలవాలి. ఫలితం గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి.

ఐదు. చిన్న ఫారాల రైతులకు ముందు సలహా, సబ్సిడీ ఇవ్వాలి. బాగుచేసుకునే గడువు ఇవ్వకుండా జరిమానా వేయకూడదు.

ఆరు. 500 మీటర్ల దూరం రెండు వైపులా వర్తించాలి. ముందు నుంచీ ఉన్న షెడ్డు పక్కన రియల్ ఎస్టేట్ వెంచరుకు అనుమతి ఇచ్చి, ఆ తర్వాత రైతును పొమ్మనడం అన్యాయం.

ఏడు. కోళ్ల పెంటను కంపోస్టు చేసి అమ్మే పనిని ప్రాథమిక సహకార సంఘాల ద్వారా ప్రభుత్వం చేపట్టాలి.

ఎనిమిది. షెడ్లలో పనిచేసే కూలీలకు, పెంపకం రైతులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు ఉచితంగా చేయాలి.

మిత్రులారా, ఈ డిమాండ్లు చదివి కొందరు షెడ్డు రైతులకు భయం వేయవచ్చు. కంపెనీకి కోపం వస్తే వచ్చే బ్యాచ్ పిల్లలు వేయదేమో అని. ఆ భయం నిజమైనదే, మేము కాదనం. ఒక్క రైతు అడిగితే కంపెనీ ఇంకో ఊరు చూసుకుంటుంది. మండలంలో ఉన్న షెడ్లన్నీ ఒకే మాట మీద ఉంటే ఎన్ని ఊళ్లు మారుతుంది? కంపెనీ దగ్గర కోడి ఉంది, మేత ఉంది. పెంచడానికి చోటు మన దగ్గరే ఉంది.

వీధిలో ఉండే సభ్యులకూ ఒక మాట. మీ కష్టం న్యాయమైనది, అర్జీ పెట్టండి. అయితే ఆ అర్జీలో షెడ్డు రైతు పేరుతోపాటు ఆ షెడ్డులో ఉన్న కోళ్లు ఏ కంపెనీవో కూడా రాయండి. మండలి అధికారి తనిఖీకి వచ్చినప్పుడు కంపెనీ ప్రతినిధి కూడా రావాలని పట్టుబట్టండి.

ఈ నెల గ్రామ కమిటీల సమావేశాల్లో ఈ విషయం మొదటి అంశంగా పెట్టాలని కోరుతున్నాం. షెడ్డు రైతులనూ, చుట్టుపక్కల ఇళ్లవాళ్లనూ ఒకేచోట కూర్చోబెట్టండి. ఊళ్లో ఎన్ని షెడ్లున్నాయి, ఎన్ని కోళ్లు, ఏ కంపెనీవి, ఇళ్లకు ఎంత దూరం అనేది ఒక కాగితం మీద రాసి జిల్లా కమిటీకి పంపండి. ప్రభుత్వం కట్టని లెక్క మనం కడదాం. ఆ లెక్క చేతిలో పట్టుకుని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు షెడ్డు రైతు, వీధి రైతు కలిసి వెళ్తే ఆ అర్జీని పక్కన పెట్టడం ఏ అధికారికీ అంత సులువు కాదు.